కళావతి నిమ్మళం

స్టాఫ్ నర్సు పోస్టుల లిస్టు దసరాకు ముందు వచ్చింది. ఎస్సీ కోటాలో కింది నుంచి మూడో పేరు హిమజది. పేరుంటే చాలా? సర్టిఫికెట్లు ఒకరు చూడాలి, ఆ చూసినవాళ్లు సరిగ్గా చూశారా అని ఇంకొకరు చూడాలి, ఆ పైన ఇంకెవరో సంతకం చేయాలి, అప్పుడు గానీ ఆర్డరు చేతికి రాదు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అనుకుంటుండగానే బతుకమ్మ వెళ్లిపోయింది, దీపావళి వెళ్లిపోయింది, తరిగొప్పుల చేలల్లో పత్తి ఏరడం కూడా సగానికి వచ్చింది.

హిమజ తల్లి కళావతి ఆ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. భర్త సత్యం జనగామ మార్కెట్ యార్డులో హమాలీ. ఒకనాడు మోస్తున్న బస్తా దించి, దాని మీదనే కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అప్పటికి పిల్ల ఇంటర్‌లో ఉంది. తల్లి వండింది, బిడ్డ చదివింది. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో చేరింది. పన్నెండు గంటల డ్యూటీ, కాళ్లు వాచిపోయే పని. సర్కారు పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ కొద్దిలో పోగొట్టుకుంది. ఇది మూడోసారి. ఇది కూడా పోతే మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడు వేస్తారో వేసేవాళ్లకే తెలియదు.

కళావతికి తిండి సయించడం లేదు, నిద్ర పట్టడం లేదు. బడిలో పప్పులో ఉప్పు రెండుసార్లు వేసి పిల్లల చేత ఛీ అనిపించుకుంది. ఫోను మోగితే చేస్తున్న పని వదిలేసి పరుగెత్తేది, మోగకపోతే తనే చేసేది. డ్యూటీలో ఉన్న బిడ్డకు రోజుకు ఆరేడు సార్లు ఫోన్ చేసి “ఏమన్న తెల్సిందా?” అని అడిగితే ఆ పిల్ల మాత్రం ఏం చెబుతుంది?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వాళ్ల వాడలో నలభై గడపలుంటే ముప్పై గడపలు ఆదివారం ఏసయ్య ప్రార్థనకు రేకుల మందిరానికి వెళతాయి. కాగితాల్లో మాత్రం నలభైకి నలభై హిందువులే. ఇందులో రహస్యమేమీ లేదు, ఊరంతటికీ తెలుసు. మాదిగ ఇంటివాడు దేవుణ్ణి మార్చుకుంటే సర్కారు వాడి కాగితం మార్చేస్తుంది, ఎస్సీ తీసేసి బీసీ-సీలో రాస్తుంది. ఊరు మాత్రం ఏమీ మార్చదు. ఒకప్పుడు హోటల్లో విడిగా పెట్టిన గ్లాసు మందిరానికి వెళ్లినవాడికీ అదే, వెళ్లనివాడికీ అదే. ఇదెక్కడి న్యాయమని అడిగితే చెప్పేవాడు లేడు. అందుకని ఆదివారం ఒక పేరు, ఆఫీసులో ఒక పేరు. కళావతి కూడా పన్నెండేళ్ల కింద కాలువలో మునిగి బాప్తిస్మం తీసుకుని మార్తమ్మ అయింది. రేషన్ కార్డులో కళావతిగానే ఉండిపోయింది. మతం అన్న చోట హిందూ అని ఎన్నిసార్లు రాయించిందో! ఏనాడూ ఆమె చెయ్యి వణకలేదు. మందిరమంటే అప్పట్లో ఆమెకు ఉతికిన చీర, నాలుగు పాటలు, వండే ముందు దేవుని పేర డబ్బాలో తీసిపెట్టే పిడికెడు బియ్యం, అంతే.

ఆ కార్తీకంలో ఒకరోజు బడి నుంచి వస్తూ వస్తూ ప్రేమలత ఇంట్లో కూలబడింది. ప్రేమలత రెండు ఇళ్లవతల ఉండే పెద్ద మనిషి, బట్టలు కుడుతుంది, శుక్రవారం ఆడవాళ్ల కూడిక నడిపిస్తుంది. కళావతి ఆమె ఒళ్లో తలపెట్టి ఏడ్చింది.

“రోజు అడుగుతనే ఉన్ననక్కా. ఇయ్యి దేవా, నా బిడ్డకియ్యి దేవా అని. నోరెండుతుంది గని పాణం నిమ్మళమైతలేదు.”

“అడుగుడు బంద్ పెట్టు” అంది ప్రేమలత.

“అడుగకుంటే ఎట్ల ఇస్తడక్కా?”

“ఆయనకేమన్న చెవుడా? ఒక్కపారి చెప్పినవ్, ఇన్నడు. ఇగ ఊకె కూసో ఆయన దగ్గర. మీ అవ్వ దగ్గర కూసుంటవ్ సూడు, ఏం పని లేకుంట, గట్ల.”

కళావతి మర్నాడు తెల్లవారుజామున లేచి, వంటింటి గోడకు ఆనుకుని గోనెసంచి పరుచుకుని మోకరించింది. మొదటి రోజు మోకాళ్లు నొప్పి పెట్టాయి. రెండో రోజు చీమలు కుట్టాయి. కళ్లు మూస్తే లిస్టు కనిపించేది, అందులో బిడ్డ పేరు ఎవరో కొట్టేస్తున్నట్టు కనిపించేది. ఊకె కూర్చోవడం ఇంత కష్టమా అని ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది. అయినా రోజూ కూర్చుంది, మొండిది.

ఎన్నో రోజో ఆమెకు గుర్తు లేదు. పక్కింటివాళ్లు వాకిలి ఊడుస్తున్న చప్పుడు వినిపించింది. దూరంగా జనగామ పోయే మొదటి బస్సు హారన్ వినిపించింది. అప్పుడు గానీ ఆమెకు తెలియలేదు, అంతసేపూ తను ఆర్డరు సంగతే తలుచుకోలేదని. ఉద్యోగం వస్తుందన్న ధైర్యం కాదది. వచ్చినా రాకున్నా నువ్వున్నావు కదా అని ఎవరి పక్కనో కూర్చున్నట్టుంది. సత్యం పోయినప్పటి నుంచి మెడ మీద మోస్తున్నదేదో దిగినట్టయింది. కళావతి ఏడ్చింది. అంత హాయిగా తను ఏడవగలనని ఆమెకే తెలియదు.

ఆ రోజు నుంచి మనిషే మారిపోయింది. బడిలో పాటలు పాడుకుంటూ అన్నం వార్చేది. నాలుగు రోజులైనా ఫోన్ రాకపోయేసరికి హిమజే కంగారుపడి చేసింది.

“ఏందమ్మా, పాణం మంచిగున్నదా? ఫోనే చేస్తలేవు?”

“మంచిగున్న బిడ్డా. నువ్వు పరేషాన్ గాకు. వస్తే వస్తది, రాకుంటే ఆయన సూసుకుంటడు.”

“గట్లనకే! రాకుంటే అనే మాటనే అనకు” అని హిమజ కసిరింది.

ఇదంతా ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది! నిమ్మళం దొరికినవాళ్లు దాన్ని మూటగట్టి ఇంట్లో దాచుకోలేరు కదా. అందులోనూ వీళ్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. దేవుడు మేలు చేస్తే అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే మేలు మింగేసినట్టు లెక్క.

డిసెంబరులో మహబూబాబాద్‌లో మైదానం కూడికలు పెట్టారు. మందిరం పాస్టరు మోతీలాల్ డీసీఎం వ్యాను మాట్లాడి ఆడవాళ్లందరినీ తీసుకెళ్లాడు. హిమజ పనిచేసే దవాఖాన అక్కడికి అర కిలోమీటరు, అయినా డ్యూటీ వల్ల రాలేకపోయింది. వచ్చి ఉంటే తల్లి కొంగు పట్టి లాగి కూర్చోబెట్టేదే. సాక్ష్యాలు చెప్పేవాళ్లు రండి అని పిలవగానే కళావతి లేచింది. ఊళ్లో నలుగురిలో నోరెత్తని మనిషి, మైకు రెండు చేతులా పట్టుకుంది.

“నా పేరు కళావతి. జనగామ జిల్లా, తరిగొప్పుల. నా బిడ్డ హిమజకు ఎస్సీ కోటల స్టాఫ్ నర్సు లిస్టుల పేరొచ్చింది. ఆర్డరు ఇంకా రాలే. మస్తు బుగులు పడ్డ. తిన్లే, పండ్లే. ఏసయ్య పక్కన కూసోవెట్టుకున్నడు నన్ను. నాకిప్పుడు భయం లేదు. వచ్చినా రాకున్నా భయం లేదు.”

పోలీసులు పట్టుకుని అడిగినా అంత వివరంగా చెప్పదేమో! మార్తమ్మ అని కూడా అనకుండా కాగితంలో ఉన్న పేరు, ఊరు, జిల్లా, పోస్టు, కోటా, ఏదీ వదలలేదు తల్లి. జనం చప్పట్లు కొట్టారు. ఎదురుగా మూడు కాళ్ల స్టాండు మీద కెమెరా ఉంది, కూడికంతా యూట్యూబులో లైవు పోతోంది. ఆమెకు అది తెలుసు కూడా. నలుగురూ చూస్తే మంచిదే కదా అనుకుంది.

చూడాల్సినవాళ్లు చూశారు. లిస్టుకు కాస్త దూరంలో పేరు ఆగిపోయిన వాళ్లెవరో, వాళ్ల బాధ వాళ్లది. సంక్రాంతి దాటగానే హిమజకు కాగితం వచ్చింది. అభ్యర్థి కుటుంబం క్రైస్తవ మతం పుచ్చుకున్నదని ఫిర్యాదు అందింది, విచారణ జరిగేదాకా నియామకం ఆపుతున్నాం అని. వీడియో కూడా జతచేశారట.

హిమజ ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

“అమ్మా, లోకంల ఎవ్వలకన్న ఉంటదానే గిసొంటి తెలివి? మైకు పట్టుకొని ఎస్సీ కోట అని చెప్తవా? ఏసయ్య పక్కన కూసున్న అని చెప్తవా? రెండూ ఒక్క నోటితోనే చెప్తవా?”

“నాకు నిమ్మళమైంది బిడ్డా. గదే చెప్పిన.”

“నీ నిమ్మళం నా కొలువు మీదికొచ్చింది!” అని ఆ పిల్ల గుమ్మంలోనే కూర్చుని బావురుమంది. 

ఇద్దరూ మోతీలాల్ దగ్గరికి వెళ్లారు. ఆయన అప్పటికే వీడియో తీసేయించాడు, కానీ దాచుకున్నవాళ్ల దగ్గర అది ఉండనే ఉంది. ఆయన మంచి మనిషే. కుర్చీలు వేసి, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాడు.

“చెల్లె, దేవుడు మనసు సూస్తడు, కాయిదం సూడడు. ఆఫీసోల్లు అడిగితే మాకేం తెల్వదను. నీ ఒక్క ఇంటితోని పోయేది కాదిది. ఒక్కరిది తీస్తే ముప్పై ఇండ్లది తీస్తరు. పిల్లల చదువులు, కొలువులు, అన్నీ పోతయి.”

“మీకీ తిప్పల లేదు గద అయ్యగారూ?” అని అడిగింది కళావతి. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

మోతీలాల్‌ది మహబూబాబాద్ అవతలి తండా. గిరిజనుడు ఏ దేవుణ్ణి మొక్కినా కాగితం మీద గిరిజనుడే. ఆయన కొడుకు దినేశ్ క్రైస్తవుడినని రాసి మరీ ఎస్టీ కోటాలో ఫారెస్టులో ఉద్యోగం చేస్తున్నాడు.

“లేదమ్మా, మాకు లేదు” అన్నాడు మోతీలాల్. పాపం, ఆయన మొహం చిన్నబోయింది.

ఫిబ్రవరిలో విచారణకు మండలాఫీసు నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అదే ఆర్ఐ, వస్తున్నాడని కబురు వచ్చింది. హిమజ రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి ఇల్లంతా సర్దింది. గోడ మీది సిలువను, వాక్యాల క్యాలెండరును తీసి బియ్యం డ్రమ్ములో అడుగున పెట్టింది. ఎదురింటి నుంచి ఎల్లమ్మ పటం తెచ్చి మేకుకు తగిలించి, బంతిపూల దండ వేసింది. తల్లి మొహం ఎగాదిగా చూసి, భర్త పోయిన మనిషి కాబట్టి బొట్టేదని ఎవరూ అడగరులే అంది. సత్యం చావు ఆ ఇంటికి కలిసొచ్చింది ఆ ఒక్క విషయంలోనే. ఎవరేం అడుగుతారో, ఏం చెప్పాలో బిడ్డ పాఠంలా చదివించింది, తల్లి వల్లెవేసింది. ఇరుగుపొరుగు సాక్ష్యం కూడా తీసుకుంటారని తెలిసి ప్రేమలత ముందురోజే తలుపుకు తాళం వేసి ఎవరో చుట్టాలింటికి వెళ్లిపోయింది. వెళ్తూ కళావతి చెయ్యి పట్టుకుంది గానీ, నిజం చెప్పు అని అనలేదు, చెప్పకు అనీ అనలేదు.

ఆర్ఐ శ్రీనివాస్ పదకొండింటికి బండి మీద వచ్చాడు. చెమట తుడుచుకుంటూ లోపలికి వస్తుంటే కళావతి రెండు చేతులూ జోడించి మందిరం అలవాటున “వందనా—” అంది. హిమజ కళ్లురిమింది. “నమస్తె సార్” అని దిద్దుకుంది. ఆయన విన్నాడో లేదో, కుర్చీలో కూర్చుని ఫైలు విప్పాడు.

“ఏ దేవుణ్ణి కొలుస్తరమ్మా ఇంట్ల?”

“ఎల్లమ్మను సార్.”

“బోనాలు చేస్తరా?”

“ఏటేట చేస్తం సార్.”

ఆయన ఫోను తీసి వీడియో పెట్టాడు. కొంచెం పెట్టి ఆపుతాడనుకుంది. ఆపలేదు, చివరిదాకా వినిపించాడు. ఆ చిన్న ఇంట్లో కళావతి గొంతు కళావతికే వినిపించింది. నాకిప్పుడు భయం లేదు, వచ్చినా రాకున్నా భయం లేదు అంటోంది ఆ ఫోనులోని మనిషి. ఆ మనిషి మొహం వెలిగిపోతోంది. ఇంట్లో ఉన్న మనిషి కొంగుతో మొహం కప్పుకుంది.

“గీమె నువ్వేనా?”

“నేనే సార్.”

“మరి గిదేంది?”

చెప్పాల్సిన మాట హిమజ నేర్పిందే. కళావతి నేల చూస్తూ అప్పజెప్పింది. “బిర్యాని పెడతరంటే డీసీఎం ఎక్కిన సార్. మైకు చేతికిచ్చి గిట్ల చెప్పుమన్నరు, చెప్పిన. నాకేం తెల్వదు.”

బిర్యానీ! మూడు నెలలు గోనెసంచి మీద మోకాళ్లరిగేలా కూర్చుని తెచ్చుకున్నదాన్ని ఒక్క ముక్కలో బిర్యానీ కింద తీసేసింది.  ఆర్ఐ ఆమె వంక ఒకసారి చూసి రాసుకున్నాడు. రాసింది చదివి వినిపించాడు. నేను హిందూ మాదిగ కులస్తురాలను, ఎల్లమ్మ దేవతను కొలుచుదును, క్రైస్తవ మతముతో గాని ఏసు ప్రభువుతో గాని నాకు ఎట్టి సంబంధమూ లేదు అని.

“గిట్లనే గద? సంతకం పెట్టు.”

కళావతి పెన్ను పట్టుకుని ఆగిపోయింది. ఇన్నేళ్లూ హిందూ అని రాయిస్తూ వచ్చిన మనిషే. అప్పుడు అవతల ఎవరూ ఉన్నట్టు తెలియదు కాబట్టి చెయ్యి ఆడింది. ఇప్పుడు తెలుసు. రోజూ తెల్లవారుజామున పక్కన కూర్చునే మనిషిని ఎవరో తెలియదని ఎట్లా రాసిచ్చేది?

“సారూ, గా ఆఖరి మాట లేకుంట రాయరాదుండ్రి?”

“గదే అమ్మా అసలు మాట. గది లేకుంటే నా రిపోర్టుకు అర్థమే లేదు.”

వంటింటి గుమ్మంలో హిమజ టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది.  ఆ పిల్ల మడమల దగ్గర చెప్పుల వార్లు ఒరిసి ఒరిసి నల్లగా కాయలు కాశాయి. కళావతి వాటిని చూసింది. చూసి, తన పేరులో బిడ్డ నేర్పిన నాలుగక్షరాలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టింది.

మర్నాడు గోనెసంచి పరిచింది. మోకరించింది. పక్కన ఎవరూ లేరు. ఆయనే లేచిపోయాడో, తనకే ఆ వైపు చూసే మొహం లేదో ఆమెకు తెలియలేదు. వారం రోజులు ప్రయత్నించి సంచి మడిచి అటక మీద పడేసింది. హిమజ సిలువను తీసి మళ్లీ గోడకు పెడదామంటే, ఉండనీ, ఆర్డరు వచ్చినంక పెడదాం అంది. నిద్ర మళ్లీ పోయింది. ఆర్ఐ ఏం రాశాడో, ఎవరు అడ్డం పడతారో అని బుగులు మళ్లీ మొదలైంది. ఈసారి చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

ప్రేమలత ఊరి నుంచి వచ్చి సంగతంతా విన్నది. “తప్పయిందని అడుగు. క్షమిస్తడు. ఎంతమందిని క్షమించిండు” అంది.

“అడిగితే ఏమంటడక్కా? పోయి గా సారుకు నిజం చెప్పి రా అంటడు. చెప్పొస్తే నా బిడ్డ కొలువు పోతది. పోయేది లేదు, చెప్పేది లేదు. ఇగ ఏ మొఖంతోని అడుగుమంటవ్?”

ప్రేమలత బట్ట మీద చాక్‌పీసుతో గీస్తూ కూర్చుంది. నిజానికి మండలాఫీసు ఎంత దూరం? బడికి వెళ్లే దారిలోనే ఉంది. కళావతి రోజూ దాని ముందు నుంచే వెళ్లింది. రోజూ ఆ గేటు దాటి వెళ్లిపోయింది.

ఏప్రిల్ మొదట్లో ఆర్డరు వచ్చింది. భూపాలపల్లి సర్కారు దవాఖాన. వాడంతా సంబరపడింది. ఆదివారం మోతీలాల్ కృతజ్ఞత కూడిక పెడతానని కబురు చేశాడు, కళావతిని రెండు మాటలు మాట్లాడమన్నాడు, కెమెరా లేకుండా చూసుకుంటానని కూడా అన్నాడు. కళావతి జ్వరమని చెప్పి వెళ్లలేదు. జ్వరం ఏమీ లేదు.

సోమవారం పొద్దున కళావతి బడికి బయలుదేరుతుంటే హిమజ ఫోన్ చేసింది. గొంతులో సంతోషం పట్టడం లేదు.

“అమ్మా, జాయినైన! రిజిస్టర్ల సంతకం గూడ అయింది. తెల్ల డ్రెస్సుల ఫోటో పంపిన సూడు. ఇక్కడి అక్కలు మంచిగున్నరే. ఇప్పుడే మొదటి డ్యూటీకి పోతున్న. జర ప్రార్థన చెయ్యవే, ఫోన్లనే చెయ్యి, నేను కండ్లు మూసుకుంట. నీ ప్రార్థనతోనే అయింది ఇదంత.”

కళావతి ఫోను చెవికి ఆనించుకుని నిలబడింది. అవతల బిడ్డ నిజంగానే కళ్లు మూసుకుని ఉంటుంది. తల్లి నోరు తెరిచింది. దేవా అనబోయి ఆగిపోయింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

“అమ్మా? ఇనవడ్తుందా?”

“ఇనవడ్తుంది.”

“చెయ్యరాదు మరి.”

“ఎవ్వలకు చెయ్యమంటవ్ బిడ్డా?” అంది కళావతి. “ఆయనతోని నాకు ఏ సంబంధం లేదని నీ ముంగట్నే రాసిచ్చిన గద.”

 హిమజ, డ్యూటీకి టైమైతుందమ్మా అని ఫోను పెట్టేసింది.